శ్రీచరణి 10 ఓవర్లు, 49 పరుగులు.. ఒక్క అంకె చూసి ప్లేయర్‌ను తేల్చేయొచ్చా?

2025 అక్టోబర్ 30, నవీ ముంబై. మహిళల వన్డే వరల్డ్ కప్ సెమీఫైనల్. ఆస్ట్రేలియా బ్యాటర్లు మన బౌలర్లను ఉతికి ఆరేశారు. 49.5 ఓవర్లలో 338 పరుగులు. ఆ రోజు మన కడప జిల్లా అమ్మాయి, వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లెకు చెందిన శ్రీచరణి 10 ఓవర్లు వేసి 49 పరుగులిచ్చి 2 వికెట్లు తీసింది.

స్కోర్‌కార్డులో ఈ లైన్ ఒక్కటే చూస్తే 'పర్లేదు' అనిపిస్తుంది. కానీ పక్కన జట్టు లెక్క పెట్టి చూడండి. మిగతా 39.5 ఓవర్లలో ఇండియా ఇచ్చిన పరుగులు 289. అంటే ఓవర్‌కు 7కు పైనే. శ్రీచరణి ఇచ్చింది ఓవర్‌కు 4.9. అందరూ తడిసిన వానలో ఒక్కరే గొడుగు పట్టుకున్నట్టన్నమాట.

హాకీలో ఇదే గొడవ

ప్లేయర్‌ను జట్టుతో కలిపి చూడాలా, విడిగా చూడాలా అన్న చర్చ ఐస్ హాకీలో దశాబ్దాలుగా నడుస్తోంది. అక్కడ 'ప్లస్-మైనస్' అనే లెక్క ఉంది. నువ్వు మైదానంలో ఉన్నప్పుడు మీ జట్టు గోల్ కొడితే నీకు ప్లస్ 1. గోల్ ఇస్తే మైనస్ 1. పవర్‌ప్లేలో కొట్టిన గోల్స్ ఇందులోకి రావు. గోల్ కొట్టడం పని కాని డిఫెండర్లను కొలవడానికి దీన్ని బాగా వాడారు.

చిక్కు ఎక్కడంటే.. 1970-71లో బోస్టన్ డిఫెండర్ బాబీ ఓర్ ప్లస్ 124 సాధించాడు. ఇప్పటికీ అదే రికార్డు. 1974-75లో వాషింగ్టన్ డిఫెండర్ బిల్ మిక్కెల్సన్‌కు మైనస్ 82. అది చెత్త రికార్డు. ఓర్ గొప్ప ఆటగాడే, అందులో డౌట్ లేదు. కానీ ఆయన జట్టు ఆ సీజన్‌లో 57 మ్యాచ్‌లు గెలిచింది. మిక్కెల్సన్ జట్టు 80 మ్యాచ్‌లలో గెలిచింది 8 మాత్రమే! ఆ మైనస్ 82లో అతని తప్పెంత, జట్టు తప్పెంత? ఆ ఒక్క అంకె చెప్పదు.

మన ఊళ్లలో ఏం జరుగుతుంది?

ఇది అమెరికా ముచ్చట అనుకోవద్దు. జమ్మలమడుగులో ఒక స్పిన్నర్ ఉందనుకుందాం. ఆమె బౌలింగ్‌లో మూడు క్యాచ్‌లు నేలపాలయ్యాయి. స్కోర్‌బుక్‌లో పడేది 'వికెట్లు 0'. అదే బౌలింగ్ ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో మంచి ఫీల్డర్లున్న జట్టుకు వేస్తే 'వికెట్లు 3'. సెలక్షన్ రోజు ఎవరి పేరు పిలుస్తారు? బలమైన జట్టులో ఉన్న అమ్మాయిదే. రెండోసారి కూడా పేరు రాకపోతే ఇంట్లోవాళ్లు 'ఇక చాలు, చదువుకో' అంటారు. అక్కడితో ఒక ఆట ఆగిపోతుంది.

ఫైనల్లో శ్రీచరణికి దక్కింది ఒక్క వికెట్టే. దీప్తి శర్మకు 5. అయితే టోర్నీ మొత్తం చూస్తే 9 మ్యాచ్‌లలో 14 వికెట్లు. ఒక్క రోజు అంకెతో తేల్చకూడదు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మరి ఎలా చూడాలి?

ఒకటి, అదే మ్యాచ్‌లో అదే జట్టులోని మిగతా బౌలర్లతో పోల్చాలి. రెండు, ఏ ఓవర్లు వేసిందో, ఎదురుగా ఎవరున్నారో చూడాలి. చివరి ఓవర్లలో పరుగులు పోవడం సహజం. హాకీలోనూ అవతలి జట్టు స్టార్ల మీదకు పంపే డిఫెండర్‌కే మైనస్‌లు ఎక్కువ పడతాయి. మూడు, జారిన క్యాచ్‌లను స్కోరర్ పక్కన రాసిపెట్టాలి. దీనికి ఖర్చేం లేదు, పెన్ను చాలు. నాలుగు, ఒక్క మ్యాచ్‌తో ఆపకుండా సీజన్ మొత్తం చూడాలి.

వరల్డ్ కప్ గెలిచాక శ్రీచరణికి రాష్ట్ర ప్రభుత్వం రూ.2.5 కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటి స్థలం ప్రకటించింది. సంతోషమే. కానీ అసలు పరీక్ష తర్వాతి శ్రీచరణి విషయంలో. ఆమె ఇప్పుడు ఏదో ఓడిపోయే జట్టులో, అంకెలు బాగోని స్కోర్‌బుక్‌లో ఉండొచ్చు. ఆ పేజీని ఇంకోసారి తిప్పి చూసేవాళ్లు కావాలి.