ప్రశ్న లేని ప్రాజెక్టు

‘సింగరేణి చరిత్ర. ఇరవై పేజీలు. స్పైరల్ బైండింగ్ తప్పనిసరి. సోమవారం లోపల ఇవ్వాలి.’

బెల్లంపల్లి లాంటి ఊళ్లో డిగ్రీ పిల్లలకు ఇచ్చే ‘లైబ్రరీ ప్రాజెక్టు’ సాధారణంగా ఇట్లనే ఉంటది. పిల్లలు లైబ్రరీకి పోరు, జిరాక్స్ సెంటరుకు పోతరు. పోయిన ఏడాది సీనియర్ చేయించుకున్న ఫైలు అక్కడే ఉంటది, కవర్ పేజీ మీద పేరు మారిస్తే చాలు. ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చినంక ఆ తిప్పలు కూడా లేదు. స్టాఫ్ రూంలో మాత్రం అదే పాత పాట: ‘ఈ కాలం పిల్లలు చదవరు సార్!’

నన్నడిగితే, ఈ కేసులో ముద్దాయిలు పిల్లలు కారు. ప్రశ్నే లేనప్పుడు జవాబు ఎవరు వెతుకుతరు? ‘సింగరేణి చరిత్ర’ అనేది టాపిక్, ప్రశ్న కాదు. ఎవరో రాసిపెట్టింది ఎత్తి రాయడం తప్ప దాంతో చేయగలిగింది ఏమీ లేదు. మార్కులేమో పేజీలకు, బైండింగుకు, చివర్లో పది పుస్తకాల పేర్లకు. ఆ పుస్తకాలు ఊళ్లో దొరుకుతయా అని, ఇచ్చిన సారు ఒక్కసారన్నా బీరువా తెరిచి చూసిండా?

మరి ఏమియ్యాలె? పక్క జిల్లాలోనే ఒక ప్రశ్న ఉంది. కుమ్రం భీం ఏ రోజు చనిపోయిండు? సంవత్సరం 1940 అంటరు. పేచీ అంతా తేదీ దగ్గర. ఒకచోట సెప్టెంబరు 1 అని ఉంటది, ఇంకోచోట అక్టోబరు 27 అని. జోడేఘాట్‌లో వర్ధంతి జరిపేదేమో ఆశ్వయుజ పౌర్ణమికి. ఈ మూడింటిలో ఏది ఎవరు చెప్పిన్రు, ఎన్నేళ్ల తర్వాత, ఎవరిని అడిగి చెప్పిన్రు? ఆ ఏడు పౌర్ణమి ఏ తేదీన పడిందో పాత పంచాంగంలో చూడమనండి. తిరుగుబాటు తర్వాత ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన హైమండార్ఫ్ ఏం రాసిండో చూడమనండి. నాలుగు పేజీలు చాలు. తేలకపోతే తేలలేదనీ, ఎందుకు తేలలేదో కూడా రాయమనండి. దానికీ ఫుల్ మార్కులియ్యండి.

ఇంకో ప్రశ్న ఇంట్లోనే ఉంది, ఇంటిపన్ను రసీదులో. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఇంటిపన్ను మీద లైబ్రరీ సెస్సు పెట్టింది. చట్టం చదివి, రసీదుతో పోల్చి, ఊరి లైబ్రరీకి పోయి కొత్త పుస్తకాలు ఎన్నొచ్చినయో అడగాలె. కంపెనీ క్వార్టర్లలో ఉండేటోళ్ల ఇంట్లో ఆ రసీదు ఉండకపోవచ్చు. ఎందుకుండదు అన్నది మరో ప్రాజెక్టు.

‘అరవై మంది రాసింది దిద్దేదెవరు?’ అంటరు. చదవని ఇరవై పేజీల కన్నా చదివిన నాలుగు పేజీలు నయం కాదా? ‘మా లైబ్రరీలో గ్రూప్స్, డీఎస్సీ గైడ్లే ఉంటయి’ అని కూడా అంటరు. ప్రాజెక్టు ఇచ్చే ముందు లైబ్రేరియన్‌తో అరగంట కూర్చుంటే ఏముందో, ఏం లేదో తెలుస్తది. ఉన్నదాన్ని బట్టే ప్రశ్న తయారుచేయొచ్చు. లేనిదానికి ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలున్నయి.

బాయి తవ్వే ముందు బోరేసి, బొగ్గుందా లేదా చూస్తరు. బెల్లంపల్లిలో ఈ సంగతి చిన్న పిల్లలకు కూడా ఎరుకే. సార్లకే చెప్పాల్సి వస్తుంది.