ప్లాన్ అడిగే ముందు పట్టా ఇవ్వండి

జమ్మలమడుగు పక్కన ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో శంకుస్థాపన చేసినారు. 2018 డిసెంబర్‌లో మళ్ళీ, 2019 డిసెంబర్‌లో మళ్ళీ, 2023 ఫిబ్రవరిలో ఇంకోసారి. ప్రతిసారీ ముఖ్యమంత్రే వచ్చి కొబ్బరికాయ కొట్టినారు. మొదటి కంపెనీకైతే పదివేల ఎకరాలకు పైనే రాసిచ్చినారు. పరిశ్రమ పెట్టేవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగకూడదని 2002లోనే సింగిల్ విండో చట్టం కూడా తెచ్చినారు.

అదే జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో, పులివెందులలో ఒక ఎరుకల కుటుంబం బోద కొట్టం పీకేసి రెండు గదులు వేసుకోవాలంటే ఎన్ని కిటికీల ముందు నిలబడాల?

పట్టణంలో ఇల్లు కట్టేదానికి ప్లాన్ అప్రూవల్ ఉండాలంటే మేం కాదనడం లేదు. వీధికి వెడల్పు, మురుగునీటికి దారి, పక్కింటికి గాలీ వెలుతురూ ఉండాల్సిందే. అవి లేక జబ్బులపాలయ్యేది ముందు మన వాడలే. మా తగువు ఆ దరఖాస్తుతో. అది ఆన్‌లైన్‌లోనే పెట్టాల. లైసెన్సు ఉన్న ఇంజనీరు గీసి, ఆయనే అప్‌లోడ్ చేయాల. ఆయన ఫీజు ఆయనది. రిజిస్టర్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఖాళీ స్థలం పన్ను రసీదు... మనోళ్ళు మొదటి కాగితం దగ్గరే ఆగిపోతారు.

ఆ కాగితం ఎందుకు లేదు? బద్ధకంతోనా? 1871లో తెల్లోడు నేరస్త తెగల చట్టం చేసినాడు. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. కడప అప్పుడు అందులోదే. ఎరుకలోళ్ళను పుట్టుకతోనే దొంగలని పుస్తకంలో రాసి, హాజరు వేయించుకుని, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోమన్నారు. 1952లో చట్టం పోయింది. స్థలం మాత్రం రాలేదు. యానాదులు వంకల పక్కన, కాలువ గట్ల మీద బతికినారు. ఊరు పెరిగి మన దగ్గరికి వచ్చింది. వచ్చినాక, మీరు ఆక్రమణదారులంటోంది!

డి-పట్టా ఉన్నోళ్ళ గతీ అంతంతే. అసైన్డ్ భూమి అమ్మకూడదని 1977లో చట్టం తెచ్చినారు. పేదల భూమి గద్దలు తన్నుకుపోకుండా తెచ్చిన మంచి చట్టమే అది. కానీ కౌంటర్ దగ్గర అదే పట్టాను సగం కాగితంగా చూస్తారు. పన్ను మాత్రం పూర్తిగా కట్టించుకుంటారు. కట్టినంత మాత్రాన హక్కు రాదని కూడా వాళ్ళే చెప్తారు.

మన్యంలో ఆదివాసీలకు 1/70 ఉంది, పెసా ఉంది. అవీ సరిగ్గా అమలు కావు, అది వేరే గొడవ. కడప జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు గనుక మనకు ఆ పేర్లు కూడా లేవు.

2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ల మీద తీర్పు ఇచ్చింది. పదిహేను రోజుల నోటీసు లేకుండా ఇల్లు కూల్చకూడదంది. మనోళ్ళంతా వాట్సాప్‌లో పంచుకున్నారు. లోపల ఏముందో చదివినారా? రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కన, నది, చెరువు స్థలాల్లో ఉన్న కట్టడాలకు ఆ రక్షణ లేదు. మనం ఉండేది ఆడనే కదా.

2025 జనవరిలో జీవో 30 వచ్చింది. 2019 అక్టోబర్ 15 లోపు ప్రభుత్వ స్థలంలో ఇల్లు కట్టుకున్న పేదలకు 150 చదరపు గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తామన్నారు. అయితే “అభ్యంతరం లేని” స్థలమై ఉండాలంట. అభ్యంతరం ఎవరిది? పెన్న ఒడ్డున రెండు తరాలు బతికినోళ్ళది కాదు, ఆఫీసుది. డబ్బున్నోడు ప్లాన్ లేకుండా అంతస్తు లేపితే బీపీఎస్ అని పథకం పెడతారు, అపరాధం కట్టించుకుని సరే అంటారు. తప్పు చేసినోడికి డబ్బుతో దారి ఉంది. తప్పే లేనోడికి నోటీసు ఉంది.

తెలంగాణలో 2020 చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు వరకు కట్టుకునే ఇంటికి అనుమతే అక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. అక్కడ ఆకాశమేం విరిగిపడలేదు.

మేం అడిగేది ఇది. డి-పట్టాను, అది లేకుంటే తహసీల్దారు ఇచ్చే పొజిషన్ సర్టిఫికెట్‌ను స్థల పత్రంగా తీసుకోవాల. ఎస్టీ కుటుంబాల ప్లాన్‌ను మునిసిపాలిటీయే ఉచితంగా గీయించి ఇవ్వాల. గట్టు మీద నుంచి లేపాల్సి వస్తే, ముందు అదే పట్టణంలో స్థలం చూపించి, ఆ తర్వాతే నోటీసు ఇవ్వాల. పది కిలోమీటర్ల అవతల చూపిస్తే కూలికి పోయేదెట్ల?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, డిగ్రీ చదివినోళ్ళు వాడకు ఇద్దరు చాలు. ఇంటింటికీ పోయి కరెంటు బిల్లు, పన్ను రసీదు, ఓటరు కార్డు, పాత రేషన్ కార్డు ఏది ఉంటే అది జెరాక్స్ తీయండి. సచివాలయంలో వార్డు ప్లానింగ్ సెక్రటరీ ఉంటారు, దరఖాస్తు రాతపూర్వకంగా ఆయనకే ఇవ్వండి. తీసుకున్నట్టు తేదీ, ముద్ర వేయించుకోకుండా వెనక్కి రావద్దు. నోటితో కుదరదంటే, ఏ రూల్ ప్రకారం కుదరదో కాగితం మీద రాసిమ్మనండి. రాయకపోతే పది రూపాయలతో సమాచార హక్కు కింద అడగండి. జవాబుకు ముప్పై రోజులు గడువు.