అట్ట మీది అభిరుచి

ఒకే నవల తొలి ముద్రణనీ, తర్వాతి ముద్రణలనీ వరసగా పెట్టి చూస్తే లోపల ఉన్నది ఒకే కథంటే నమ్మబుద్ధి కాదు. మొదటి అట్ట మీద కుంచెతో గీసిన అమ్మాయి ముఖం, చేత్తో రాసిన పేరు. ఇరవై ఏళ్ల తర్వాతి అట్ట మీద నీడలు పెట్టి ఉబ్బించిన అక్షరాలు, వెనక ఎవరిదో ఫోటో. ఇప్పటి దాని మీద బోలెడంత తెల్లని ఖాళీ, ఓ మూల చిన్న బొమ్మ. రచయిత ఒక్క మాటా మార్చలేదు. ఇదంతా ఎందుకు మారిందంటే ‘ట్రెండు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ జవాబు మాకు చాలదు.

అభిరుచి అనుకునే దానిలో సగం అచ్చుయంత్రం చేసిన అలవాటే. చిత్రకారుడు బాపు గీతనే తీసుకోండి. నాలుగు గీతల్లో మనిషిని నిలబెట్టే ఆ పొదుపు ఆయన ప్రతిభ, సందేహం లేదు. ఆ పొదుపుకి గీతల్ని మాత్రమే అచ్చేసే ఆనాటి లైన్ బ్లాకు కూడా కలిసొచ్చింది. బ్లాకు చవక. నాసిరకం కాగితం మీద కూడా గీత గీతలాగే పడుతుంది. నీటిరంగుల ఛాయలు చూపాలంటే చుక్కల హాఫ్‌టోన్ బ్లాకు, అదీ ఒక్కో రంగుకి ఒక్కోటి, పైగా మంచి కాగితం కావాలి. అందుకే వడ్డాది పాపయ్య రంగుల బొమ్మలు ‘చందమామ’, ‘యువ’ పత్రికల ముఖచిత్రాలుగా వెలిగితే, వారపత్రికల లోపలి పేజీలు గీతకారుల రాజ్యమయ్యాయి. రంగంటే అప్పట్లో పండగ. ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక ఆ పండగ రోజూ వచ్చింది. నవలల జోరు సాగిన రోజుల్లో అట్టంతా రంగే. ప్రేమకథైతే పెద్ద కళ్ల నాయిక, ‘తులసిదళం’ నవల తర్వాత చేతబడి గాలి వీచాక పుర్రెలూ నిమ్మకాయలూ.

ఇంతవరకూ మారింది పైపూతే. అసలు మార్పు తొంభైలలో, కంప్యూటర్ మీద పేజీలు కూర్చే డీటీపీతో వచ్చింది. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు ఊరూరికీ చేరాయి. అంతకుముందు చాలా అట్టల మీద పుస్తకం పేరు కూడా చిత్రకారుడే రాసేవాడు. బొమ్మలోని వంపు అక్షరంలోకి పాకేది. కరుణరసపు నవలకి అక్షరం వాలేది, హాస్యకథలకి గెంతేది. పైగా మన లిపి గడుసుది. వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. చేత్తో రాసేవాడు ‘రాష్ట్రం’ అనే మాట వస్తే దాని వత్తుల్ని కింది వరుసలో ఎక్కడ ఖాళీ ఉందో చూసి అక్కడ ఒదిగించేవాడు. కీబోర్డు ముందు కూర్చున్నవాడికి ఆ తీరిక లేదు. వత్తులు ఢీకొనకుండా వరుసల మధ్య ఎడం పెంచేశాడు, అంతే. బొమ్మ ఒకరిది, అక్షరం ఫాంటుది అయిపోయింది. తెలుగు అట్టకు జరిగిన పెద్ద నష్టం ఏదంటే మేం దీన్నే చూపిస్తాం. గ్రేడియంట్లూ, మెరుపులూ అన్నీ దీని తర్వాతే.

తమాషా ఏమిటంటే బాపు చేతిరాత కూడా ఫాంటయింది. శుభలేఖ మీద అదే, కర్రీ పాయింటు బోర్డు మీద అదే, సంతాపం ఫ్లెక్సీ మీదా అదే. బాపు రాస్తే ఒకే పేరులోని రెండు ‘ల’లు అచ్చు ఒకేలా ఉండవు. ఫాంటులో ఉండి తీరతాయి. అభిమానం ఎక్కువై ఒక శైలిని అరగదీయడమంటే ఇదే.

ఆ తర్వాత తెర వచ్చింది. 2013లో ఆపిల్ తన ఫోను తెర మీద తోలు, చెక్క, గాజు లాంటి అలంకారాలన్నీ తీసేసి చదును చేసింది. చూస్తుండగానే లోకమంతా చదునయింది. మన అట్టలు కూడా నీడలు వదిలేశాయి. దాదాపు అదే కాలంలో సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ పేర్లతో కంప్యూటర్లలోకి వచ్చాయి. (కావ్యాలు తెరవని ఇళ్లలో కూడా అష్టదిగ్గజాలు ఈ రూపంలో కొలువు తీరారు, సంతోషం.) పుస్తకాన్ని ఇప్పుడు ఫోనులో బొటనవేలంత బొమ్మగా చూసి కొంటున్నారు కాబట్టి పేరు పెద్దదైంది, బొమ్మ తగ్గింది. ఇదీ యంత్రం మాటే.

తాజాగా కృత్రిమ మేధ గీసే బొమ్మలు. క్షణాల్లో వస్తాయి, నున్నగా ఉంటాయి. ఊరి కథకు వేసిన అట్ట మీద చూడండి: ఆ పెంకుటిల్లు ఏ జిల్లాదో చెప్పలేం, ఆ ముసలమ్మ చీరకట్టు ఏ ప్రాంతానిదో తెలీదు. పాతబడిన అట్టను మేం క్షమిస్తాం. ఎనభైల నాటి పుర్రె బొమ్మ ఇవాళ నవ్వు తెప్పించినా, అది ఆ పుస్తకం కోసమే గీసిన పుర్రె. ఏ పుస్తకానికైనా సరిపోయే అట్ట, వేసిన రోజే చెడ్డ అట్ట.

ప్రచురణకర్తలకు ఒక మాట: అట్ట వేసినవారి పేరు, అక్షరాలు రాసినవారి పేరు లోపలి పేజీలో అచ్చు వేయండి. ఇప్పటికీ చాలా పుస్తకాల్లో ఆ పేర్లు కనబడవు. ఇక పాఠకులకు. పత్రికల్లో సీరియల్ పేజీలు చింపి బైండు చేయించుకోవడం మన ఇళ్లలో ఒకప్పటి అలవాటు. ఆ పనిలో అట్టలు చెత్తలోకి పోయాయి. గ్రంథాలయాలు కూడా గట్టి అట్ట వేయించేటప్పుడు అసలు అట్టను తీసిపారేసిన సందర్భాలు ఎన్నో. మీ అటక మీద పాత వారపత్రికలూ, నవలలూ ఉంటే అట్టతో సహా ఉంచండి. స్కాన్ చేయించి నలుగురికీ అందేలా చూడండి.