కొలిమి చల్లారిన చోట గోరటి పాట

‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట తెలీని తెలుగువాళ్లు తక్కువ. 2002లో ‘కుబుసం’ సినిమాలో వందేమాతరం శ్రీనివాస్ గొంతులో అది ఇంటింటికీ చేరింది. అయితే దాన్ని రాసిన గోరటి వెంకన్న స్వయంగా పాడుతుండగా విన్నారా? వినకపోతే ఈ వారం ఆ పని పెట్టుకోండి. యూట్యూబ్‌లో వీడియోలు బోలెడున్నాయి. వెనక పెద్ద వాద్యబృందం అక్కర్లేదు. ఆయన గొంతెత్తి, కాలు కదిపితే చాలు, పాట నడిచిపోతుంది.

ఈ పాట ఇన్నేళ్లయినా పాతబడకపోవడానికి కారణం బాణీ ఒక్కటే కాదనుకుంటాను. అది కట్టిన తీరులోనే ఉంది కిటుకు. పల్లె పాడైపోయిందని చెప్పాలంటే మనలాంటి వాళ్లం ‘అయ్యో పాపం’తో మొదలుపెడతాం. వెంకన్న అలా చెయ్యలేదు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె... ఒక్కో వృత్తి దగ్గరికీ వెళ్లి, ముందు పనిముట్టు వంక చూస్తారు. వామి ఎట్లా ఉంది? కొలిమిలో నిప్పుందా? బాడిసెకి పదునుందా? మగ్గం నిలబడిందా? అంతే. ఆ మనిషి ఏమైపోయాడో మనం ఊహించుకోవాలి. ఊహించుకునే ఆ క్షణంలోనే మనకి గొంతు పట్టేస్తుంది.

ఇంకో సంగతి. ఒక్కో చరణం ఒక్కో ఇంటి గడప. చరణం అయిపోగానే పల్లవి తిరిగొస్తుంది, జనం అందుకుంటారు. ఊళ్లో ఇంకో వృత్తి ఉంటే ఇంకో చరణం కలుపుకోవచ్చు. యక్షగానాలు, భజనలు, తత్వాలు విని పెరిగిన మనిషికి ఇది సహజంగా అబ్బే పద్ధతి. మాటలు చిన్నవి, ప్రాస వాటంతటదే పడుతుంది, చదువు రాని మనిషి కూడా రెండోసారికే గొంతు కలుపుతాడు. జనం ముందు పాడే పాటకి ఇదే అసలు పరీక్ష. కాగితం మీద బాగుండి నోటికి రాకపోతే ఆ పాట సభ దాటి బయటికి పోదు.

వెంకన్నది నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం. పాత పాలమూరు జిల్లా. వానలు తక్కువ, వలసలు ఎక్కువ అయిన నేల. ‘పాలమూరు లేబర్’ అన్న మాటే దేశమంతా తిరిగింది. అందుకే ఆయనకి వాగు ఎండిపోవడం కూడా ఒక పాటయింది. నీళ్లు పోతే వాటితోపాటు ఏమేం పోతాయో ఆ నేల మీద పుట్టినవాడికి లెక్క తెలుసు. ‘వల్లంకి తాళం’ కవితా సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చినప్పుడు చాలామంది ‘పాటకి అవార్డొచ్చింది’ అని సంబరపడింది ఇందుకే.

ఇప్పుడు నన్ను కాస్త ఇబ్బంది పెట్టే విషయానికి వస్తాను. ఈ పాట నిందించేది ప్రపంచీకరణని. మన దేశం 1991లో తలుపులు తెరిచాక బయటి సరుకు ఊరిదాకా వచ్చింది. కుండ పోయి ప్లాస్టిక్ బిందె వచ్చింది, కల్లు ముంత పక్కన సీసాలు చేరాయి. అదే తలుపులోంచి సాఫ్ట్‌వేర్ కొలువులూ వచ్చాయి. నేను నెలనెలా తీసుకునే జీతం ఆ తలుపు తెరిచాక వచ్చిందే. మా ఆఫీసులో ఈ పాట హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్లు చాలామందే ఉన్నారు. వామి, బాడిసె అంటే ఏంటని అడిగితే సగం మంది తెల్లమొహం వేస్తారు. గడ్డివామి తెలుసు గానీ, కుండలు పేర్చి కాల్చే కుమ్మరి వామి తెలీదు. కర్ర చెక్కే బాడిసెని చూడనే లేదు. ఆ మాటలు ఇంకా బతికున్నాయంటే మా నోళ్లలో మాత్రం కాదు, ఆ పాటలోనే.

‘కులవృత్తులు పోతే ఏడవడం దేనికి? పోతేనే మంచిది కదా’ అనేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. తండ్రి చేసిన పనే కొడుకు చెయ్యాలన్న కట్టుబాటు పోవాల్సిందే. కానీ కమ్మరి కొడుకు చదువుకుని కొలిమి వదలడం వేరు, చేతిలో పని పోయి, వేరే పని దొరక్క ఊరు వదలడం వేరు. వెంకన్న ఏడ్చింది రెండోదానికి.

ఊరు వదిలినవాళ్లు ఎక్కడికి పోయారు? దానికి జవాబు ఆయన ఇంకో పాటలో ఉంది. ‘గల్లీ చిన్నది’ వినండి. పట్నం ఇరుకు సందులో పేదోళ్ల బతుకు అది. పల్లె పాట, వాగు పాట, గల్లీ పాట మూడూ వరసగా వింటే ఒకే మనిషి ప్రయాణంలా తోస్తుంది. నీళ్లు పోయాయి, పని పోయింది, బస్సెక్కాడు, మన అపార్ట్‌మెంట్ వెనక సందులో దిగాడు. పొద్దున గేటు తీసేదీ, మధ్యాహ్నం పార్శిల్ తెచ్చేదీ, రోడ్డు పక్కన బండి మీద కూరగాయలమ్మేదీ అతని ఇంటివాళ్లే కావచ్చు.

పల్లె పాట విని కళ్లు తుడుచుకుని, కిందికి దిగి ఆ కూరగాయల బండి దగ్గర పది రూపాయల కోసం పావుగంట బేరమాడితే పాట మన చెవి దాటి లోపలికి పోనట్టే. వీలైతే ఈసారి బేరం పక్కనబెట్టి ‘ఏ ఊరన్నా మీది? అక్కడేం పని చేసేటోళ్లు?’ అని అడిగి చూడండి. వెంకన్న రాయని చరణం ఒకటి మీకు అక్కడ దొరకొచ్చు.