ఆరోగ్యమే మహాభాగ్యం: తీపి మాత్రల వైద్యం, వెళ్ళేముందు నాలుగు మాటలు



సెలవులకు ఊరు వెళ్ళి తిరిగొచ్చే మనవాళ్ళ సూట్‌కేసుల్లో ఆవకాయ, కందిపొడి, పూతరేకులతో పాటు చాలాసార్లు మరో వస్తువు కూడా ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో సగ్గుబియ్యంలా తెల్లగా ఉండే తీపి మాత్రలు... అదేనండీ, హోమియో మందు! "ఇది నిజంగా పనిచేస్తుందా? పిల్లలకు వేయొచ్చా? ఇంగ్లీషు మందులతో కలిపి వాడొచ్చా?" అని అడిగేవారు ఎక్కువయ్యారు. అందుకే ఈసారి మన శీర్షికలో హోమియోపతి గురించి ముచ్చటించుకుందాం.

ముందుగా ఒక మాట. నేను హోమియో డాక్టర్ని కాదు, కువైట్‌లో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఫార్మసిస్టుని. పుట్టింది గుడివాడ దగ్గర పల్లెలో. మా ఊరి బడి పంతులుగారింట్లో చెక్క పెట్టె నిండా హోమియో సీసాలుండేవి. సాయంత్రమైతే ఆయన అరుగు మీద ఊరంతా చేరేది. డబ్బులు పుచ్చుకునేవారు కాదు. కాబట్టి ఈ వైద్యం మీద నాకు చిన్నప్పటి అభిమానమూ ఉంది, చదువుకున్న ఫార్మసీ నేర్పిన అనుమానమూ ఉంది. రెండింటినీ దాచకుండానే చెబుతాను.

ఎక్కడ పుట్టింది?

హోమియోపతిని ప్రారంభించిన శామ్యూల్ హానిమన్ 1755 ఏప్రిల్ 10న జర్మనీలోని మైసెన్‌లో జన్మించారు. ఆయన పుట్టినరోజునే ప్రపంచ హోమియోపతి దినంగా జరుపుకుంటున్నారు. ఆ రోజుల్లో వైద్యమంటే నరం కోసి రక్తం తీయడం, పాదరసం తాగించడం! జబ్బుతో పోయినవారు కొందరైతే, వైద్యంతో పోయినవారు మరికొందరు. స్వయంగా డాక్టరైన హానిమన్ ఈ పద్ధతులతో విసిగిపోయారు. 1790లో ఒక వైద్య గ్రంథాన్ని అనువదిస్తూ, మలేరియాకు వాడే సింకోనా బెరడును తానే తిని చూశారు. మలేరియా జ్వరం లాంటి లక్షణాలే తనకు కలిగాయని రాసుకున్నారు. ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలు పుట్టిస్తుందో, రోగిలో ఆ లక్షణాలనే ఆ పదార్థం పోగొడుతుందన్న సూత్రాన్ని 1796లో ప్రకటించారు. 1810లో "ఆర్గనాన్" అనే గ్రంథం వెలువరించారు.

మన పెద్దలు "ఉష్ణం ఉష్ణేన శీతలం" అంటారు కదా, "ముల్లును ముల్లుతోనే తీయాలి" అంటారు కదా... దాదాపు అదే ఆలోచన. ఉల్లిపాయ తరిగితే కళ్ళు మండి ముక్కు కారుతుంది. కాబట్టి కళ్ళు మండుతూ ముక్కు కారే జలుబుకు ఉల్లిపాయ నుంచి చేసిన "ఏలియం సెపా" ఇస్తారు. ముషిణి గింజ నుంచి "నక్స్ వామికా", తేనెటీగ నుంచి "ఏపిస్" తయారవుతాయి.

మన దేశంలో ఈ వైద్యానికి పేరు తెచ్చినవారిలో కలకత్తా డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ ఒకరు. అల్లోపతిలో ఎం.డి. చేసి హోమియోకి మారిన ఆయనే 1876లో ఒక పరిశోధనా సంస్థను స్థాపించారు. తర్వాతి రోజుల్లో సర్ సి.వి. రామన్ పరిశోధనలు చేసింది అక్కడే! ఇక మన తెలుగునాట గుడివాడ, రాజమండ్రి, కడప, హైదరాబాదుల్లో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలలున్నాయి. రాజమండ్రి కళాశాలకు మనందరినీ కడుపుబ్బ నవ్వించిన అల్లు రామలింగయ్యగారి పేరు పెట్టారు. ఆయన హోమియో వైద్యుడు కూడానని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

డాక్టర్ దగ్గరికి వెళితే ఏం జరుగుతుంది?

మొదటిసారి వెళ్ళేటప్పుడు తీరిక చేసుకుని వెళ్ళండి. శ్రద్ధగా చూసే డాక్టరైతే ముప్పావు గంట నుంచి గంటన్నర దాకా మాట్లాడతారు. తలనొప్పి అని వెళితే "ఎడమవైపా, కుడివైపా? ఎండకు ఎక్కువవుతుందా? గట్టిగా నొక్కితే తగ్గుతుందా?" అని మొదలుపెడతారు. తర్వాత దాహం, ఆకలి, నిద్ర, ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, పులుపు ఇష్టమా తీపి ఇష్టమా, భయాలేమిటి, కోపమొస్తే అరుస్తారా లోపలే దాచుకుంటారా, కలలో ఏమొస్తుంది... ఇలా అడుగుతూనే ఉంటారు. కంగారు పడకండి, అది వారి పద్ధతి. జబ్బు పేరును బట్టి కాక మనిషిని బట్టి మందు ఎంచుకుంటారు. అందుకే ఒకే తలనొప్పికి అన్నకొక మందు, చెల్లెలికొక మందు ఇవ్వవచ్చు.

మాత్రలు చేత్తో ముట్టుకోకుండా డబ్బా మూతలో వేసుకుని నాలుక మీద చప్పరించమంటారు. మందుకు ముందూ వెనుకా కాసేపు ఏమీ తినవద్దంటారు. కాఫీ, పచ్చి ఉల్లిపాయ, కర్పూరం లాంటివి దూరం పెట్టమని కొందరు చెబుతారు. డబ్బా మీద 30, 200, 1ఎమ్ అని అంకెలుంటాయి. వీటిని "పొటెన్సీ" అంటారు. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మళ్ళీ రమ్మంటారు.

"మొదట్లో జబ్బు కాస్త ఎక్కువై తర్వాత తగ్గుతుంది" అనే మాట కూడా వినిపిస్తుంది. ఇక్కడ మాత్రం జాగ్రత్త! జబ్బు ఎక్కువైతే అది మందు పనిచేస్తున్న గుర్తని ఇంట్లో కూర్చోకండి. నిజంగానే జబ్బు ముదురుతూ ఉండవచ్చు.

పిల్లలూ, మీకో ప్రయోగం!

అంకెల సంగతి మీరే కనిపెట్టండి. అమ్మను అడిగి ఒక చెంచా విమ్‌టో తీసుకుని తొమ్మిది చెంచాల నీళ్ళలో కలపండి. ఆ గ్లాసులోంచి ఒక చెంచా తీసి, మరో గ్లాసులోని తొమ్మిది చెంచాల నీళ్ళలో కలపండి. అలా చేస్తూ పోండి. నాలుగైదు గ్లాసులు దాటేసరికి రంగు దాదాపు కనబడదు, రుచి తెలియదు.

హోమియో మందు తయారీ కూడా ఇలాంటిదే. కాకపోతే ఒక చుక్క మందుకు తొంభై తొమ్మిది చుక్కల ద్రవం కలిపి, బాగా కుదుపుతారు. "30" అంటే ఇలా ముప్పై సార్లు! ఒకే ఒక్క చుక్కను ప్రపంచంలోని సముద్రాలన్నింటిలో కలిపితే ఎంత పలచనవుతుందో, లెక్క ప్రకారం అది పన్నెండు, పదమూడో మెట్టు దగ్గరే వచ్చేస్తుంది. కాబట్టి 30 అని రాసిన మాత్రలో అసలు పదార్థం తాలూకు అణువు ఒక్కటి కూడా మిగిలే అవకాశం లేనట్టే. కుదపడం వల్ల మందు శక్తి పెరుగుతుందని హోమియో వైద్యులు నమ్ముతారు. రసాయన శాస్త్రం దీన్ని ఒప్పుకోదు.

మరి పరీక్షలు ఏమంటున్నాయి?

2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధనా మండలి 61 రకాల ఆరోగ్య సమస్యల మీద జరిగిన అధ్యయనాలను పరిశీలించింది. హోమియో ఫలానా జబ్బుకు పనిచేస్తుందని నమ్మదగిన ఆధారం ఒక్క జబ్బుకూ దొరకలేదని తేల్చింది. 2017లో ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సేవ హోమియో మందులు రాయవద్దని తన డాక్టర్లకు సూచించింది. 2021 జనవరి నుంచి ఫ్రాన్సు ప్రభుత్వం ఈ మందులకు డబ్బు తిరిగి ఇవ్వడం మానేసింది. మన దేశంలో మాత్రం ఇది ప్రభుత్వ గుర్తింపున్న వైద్యం. అయిదున్నరేళ్ళ బి.హెచ్.ఎం.ఎస్. కోర్సు ఉంది, ఆయుష్ మంత్రిత్వ శాఖ ఉంది. గుర్తింపు వేరు, రుజువు వేరు అన్నది మనం గుర్తుంచుకోవాలి.

"మరి మా అత్తగారికి తగ్గింది కదండీ!" అంటారు. తగ్గి ఉండవచ్చు. జలుబు, ఒళ్ళునొప్పులు, కొన్ని దద్దుర్లు వాటంతట అవే తగ్గుతాయి. మందు వేసుకున్నామన్న నమ్మకం నొప్పిని కొంత మరిపిస్తుంది. దీన్నే "ప్లసీబో" ప్రభావం అంటారు. వీటన్నింటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉందని నాకనిపిస్తుంది... ఆ గంటసేపు ఒకరు మన మాట వినడం!

ప్రవాసంలో ఉన్నవాళ్ళకు దీని విలువ ఇంకా ఎక్కువ. ఒక గదిలో ఆరుగురు సర్దుకునే బ్యాచిలర్ తమ్ముడిని "రాత్రి నిద్ర పడుతోందా?" అని అడిగేవారెవరు? ఇక్కడి క్లినిక్కుల్లో రద్దీ ఎక్కువ, భాష వేరు. అయిదు నిమిషాల్లో మాత్రల చీటీ చేతికొస్తుంది. సెలవుల్లో ఊళ్ళో హోమియో డాక్టర్ "ఇంటిమీద బెంగ ఉందా?" అనేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నామని నాతో చెప్పినవారు ఒకరిద్దరు కాదు. ఆ ఓదార్పు నిజమైనదే. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఓదార్పు చేయగల పని వేరు, ఇన్సులిన్ చేసే పని వేరు.

ఒక సంఘటన

కొన్నేళ్ళ క్రితం కడప జిల్లాకు చెందిన ఒక డ్రైవర్ సోదరుడు మా కౌంటర్‌కి వచ్చి గ్లూకోజు పొడి అడిగాడు. పెదవులు ఎండిపోయాయి, మనిషి సగమయ్యాడు. "విపరీతమైన దాహం అక్కా, రాత్రంతా బాత్రూమ్‌కి లేస్తూనే ఉన్నాను" అన్నాడు. "సుగర్ ఉందా?" అని అడిగితే, ఉందన్నాడు. ఊరి నుంచి హోమియో మందు తెచ్చుకున్నాడట. రెండు మందులూ కలిస్తే పడవని బంధువులెవరో చెబితే సుగర్ మాత్రలు మానేసి మూడు వారాలైందట. అక్కడికక్కడే వేలికి గుచ్చి చూస్తే 480! గ్లూకోజు ఇవ్వలేదు, టాక్సీ పిలిచి ఆసుపత్రికి పంపాం. నాలుగు రోజులు అక్కడే ఉన్నాడు. దేవుడి దయవల్ల కోలుకున్నాడు. తీపి మాత్ర అతనికి హాని చేయలేదు, మానేసిన మాత్ర చేసింది. ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది పెట్టుకోండి.

తప్పనిసరి జాగ్రత్తలు

సుగర్, బి.పి., థైరాయిడ్, ఆస్త్మా, ఫిట్స్, గుండె జబ్బుల మందులు మీ డాక్టర్‌ని అడగకుండా ఒక్కరోజు కూడా మానవద్దు. "ముందు ఆ మందులన్నీ ఆపేయండి" అని ఎవరన్నా అంటే, ఏ వైద్యులైనా సరే, అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

దుమ్ము తుఫాను రోజుల్లో పిల్లలకు ఆయాసం వస్తే డాక్టర్ ఇచ్చిన ఇన్‌హేలరే వాడాలి. మూడు నెలల లోపు పాపకు 38 డిగ్రీల జ్వరమున్నా, పిల్లలు విరేచనాలతో నీరసించి మూత్రం తగ్గినా, ఎవరికైనా ఛాతీలో నొప్పి, మూతి వంకరపోవడం, ఊపిరి ఆడకపోవడం వంటివి కనిపించినా 112కి ఫోన్ చేయండి, లేదా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మలేరియా, క్షయ, ఎయిడ్స్, ఫ్లూ, పసిపిల్లల విరేచనాలకు హోమియో మీద ఆధారపడవద్దని 2009లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. టీకాలకు బదులు హోమియో చుక్కలు చాలవు.

అన్ని హోమియో మందులూ నీళ్ళలా పలచగా ఉండవు. మదర్ టింక్చర్లలో, తక్కువ అంకెల మందుల్లో అసలు పదార్థం ఉంటుంది. 2017లో అమెరికా ఎఫ్.డి.ఏ. పరీక్షించిన కొన్ని హోమియో పళ్ళ మాత్రల్లో విషగుణమున్న బెల్లడోనా పాళ్ళు మాత్ర మాత్రకూ మారాయి. కొన్నింట్లో లేబుల్ మీద రాసినదానికన్నా చాలా ఎక్కువ ఉంది. పసివాళ్ళ విషయంలో, గర్భిణుల విషయంలో సొంతవైద్యం వద్దు.

ఇక కస్టమ్స్ సంగతి. పేరు లేని తెల్ల మాత్రల డబ్బా చూస్తే ఏ అధికారికైనా అనుమానం వస్తుంది. లేబుల్, డాక్టర్ చీటీ, బిల్లు దగ్గరుంచుకోండి. ద్రవరూపంలోని హోమియో మందుల్లో ఆల్కహాల్ ఉంటుంది. మద్యం నిషేధమున్న ఈ దేశానికి అవి తేకపోవడమే మేలు. "మావాడికి ఈ పొట్లం ఇచ్చెయ్యమ్మా" అని ఎవరిచ్చినా, ఎంత దగ్గరివారైనా, విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోకండి.

చివరగా ఒక సలహా. హోమియో డాక్టర్ అడిగే ఆ ప్రశ్నలున్నాయి చూశారూ, అవి ఏ డాక్టర్‌కైనా పనికొచ్చేవే. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పెరుగుతుంది, నిద్ర ఎలా ఉంది, ఏ మందులు వాడుతున్నారు... హోమియోతో సహా... ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఇక్కడి క్లినిక్కుకు తీసుకెళ్ళండి. భాష రాకపోతే మన పిల్లల చేత ఇంగ్లీషులో రాయించండి. ఆ అయిదు నిమిషాలు పదింతలు ఉపయోగపడతాయి. అలాగే ఈ శుక్రవారం మీ పక్క గదిలోని తమ్ముడిని ఒకసారి "నిద్ర పడుతోందా?" అని పలకరించండి. దానికి ఏ డిగ్రీ అక్కర్లేదు.

వచ్చే సంచికలో ఎండాకాలంలో కిడ్నీ రాళ్ళు రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తల గురించి మాట్లాడుకుందాం. అంతవరకూ సెలవు. సర్వే జనాః సుఖినో భవంతు!