ఆకాశపు గంటలు, నేలమీది దూరము

“అమెరికా యెంత దూరము? 17 గంటలే గదా!” యని మన సభలలో పలుకుట పరిపాటి యైనది. ఈ మాట వినుట కింపుగా నున్నది. లెక్కకు మాత్రము నిలువదు.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో, బెంగుళూరుల నడుమ మధ్యలో నెచ్చటను దిగని విమానమును ప్రారంభించెను. ఆ రెండు విమానాశ్రయముల నడుమ దూరము 13,993 కిలోమీటర్లని ప్రకటించిరి. గోడపటమును జూచువారికి దారి పసిఫిక్ సముద్రముమీదుగా దోచును. భూమి గుండ్రనిది గావున, గోళముమీద దారము బిగించి చూచినచో నది యుత్తరధ్రువపు చేరువగా బోవును. తొలి విమానమును ఆ దారినే వచ్చినది. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగించినచో పదునైదున్నర గంటలు చాలవలెను. కాని గాలి యెదురైనను, దారి కొంత మరలినను కాలము పెరుగును. అందుచేతనే 17 గంటలు. ఈ నేర్పు మెచ్చదగినదే. నా తగవు విమానముతో గాదు. దాని గంటలనే మన యెడబాటునకు కొలబద్దగా జేసినవారితో.

తుంగభద్ర కాలువ క్రింద సింధనూరు తాలూకాలో మనవారి క్యాంపు లెన్నియో యున్నవి. అచ్చటి రైతు కట్టి విమానమే దొరకినదనుకొందము. బెంగుళూరు చేరుటకు 8 గంటలు; విమానాశ్రయమున ముందుగా 3 గంటలు; గాలిలో 17; దిగిన పిదప తనిఖీలకు, ఇల్లు చేరుటకు 2. వెరసి 30 గంటలు. వీసాకై వేచిన నెలలు, కుమారునికి సెలవు దొరకని దినములు ఈ పద్దులో జేర్చలేదు. 1871లో బొంబాయి, మదరాసుల రైలుమార్గములు రాయచూరుననే కలిసినవి. నాటి దూరప్రయాణము మన యూరిని గలుపుకొని పోయినది. నేటిది మన నెత్తిమీదుగా బోవుచున్నది. యెరమరసు విమానాశ్రయపు మాట మన మేండ్ల తరబడి వినుచున్నదే.

మధ్యాహ్నము బెంగుళూరున నెక్కినవాడు అదే తేదీ సాయంకాలమున శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగవచ్చును. అది గడియారముల భేదమే గాని కాలము మిగులుట గాదు. చలికాలమున ఆ భేదము పదమూడున్నర గంటలు. ఇచ్చట తల్లి నిదురలేచు వేళకు అచ్చట కుమారుడు పనిదినమును ముగించుచుండును.

“ప్రతిదినము ఫోనులో ముఖము చూచుకొనుచున్నాము గదా” యని కొందరందురు. నిజమే. ముఖము కనబడును, పాడె మోయుటకు భుజము రాదు. తండ్రికి ప్రాణముమీదికి వచ్చినదని కబురందిన వెంటనే బయలుదేరినవాడును, 30 గంటలు గడచినగాని గడప త్రొక్కజాలడు. అంతవరకు మృత్యువు వేచియుండునా? కొడుకు చేయవలసిన కర్మను ఇరుగుపొరుగువారు జరిపించిన యిండ్లు మన క్యాంపులలో లేవా?

కావున పెద్దలారా, 17 గంటలని చెప్పి యువకులను మభ్యపెట్టకుడు. దూరము దూరమే యని చెప్పుడు. అట్లు తెలిసినవాడు కబురునకై కాచుకొనడు. తలిదండ్రులు గడపలో నెదురువచ్చు నాళ్లలోనే వచ్చి పోవును.