డీజిల్ డబ్బా చివరి దిక్కుగానే ఉండాలి



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటిన రోజును అనకాపల్లి వాళ్లం మరచిపోలేము. స్తంభాలు విరిగి రోజుల తరబడి కరెంటు లేదు. ప్రసవాల గదిలో లైటు, సక్షన్ మిషన్, టీకాల ఫ్రిజ్ అన్నీ జనరేటర్ మీదే నడిచాయి. ఒక చెవి రోగి మీద, ఒక చెవి జనరేటర్ శబ్దం మీద పెట్టి మేము డ్యూటీ చేశాము.

మెయిన్ రోడ్డు దగ్గరున్న మనకే అలా ఉంటే, మాడుగుల దాటి పాడేరు కొండల్లోని గూడేల సంగతి ఆలోచించండి. దారి తెగితే డీజిల్ డబ్బా మనిషి భుజం మీదే వెళ్లాలి. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. డీజిల్ వచ్చేదాకా అవి ఆగవు. పైగా డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది.

మరి గాలి కరెంటు పనికొస్తుందా? రాయలసీమ కొండల మీద గాలిమరలను మీలో చాలామంది చూసే ఉంటారు. స్పెయిన్‌కు చెందిన ఎల్ యెర్రో దీవిలో సుమారు 10 వేల మంది ఉంటారు. ఒకప్పుడు వారి కరెంటంతా దాదాపు డీజిల్‌తోనే. అక్కడ 2014లో 5 గాలిమరలు ప్రారంభించారు. గాలి ఎక్కువున్నప్పుడు నీటిని కొండ మీది చెరువులోకి తోడతారు. గాలి తగ్గితే ఆ నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తారు. డీజిల్ ఇంజన్లను తీసేయలేదు, అవసరానికి ఉంచుకున్నారు.

అయితే తొందరపడకూడదు. గాలి వేగం సగానికి తగ్గితే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఏడాది పాటు గాలిని కొలవకుండా మర పెట్టడం, బీపీ చూడకుండా మందు ఇచ్చినట్లే. తుఫాను గాలికి పెద్ద మరలను ఆపేయక తప్పదు. గాలి లేని గూడేనికి సోలారే మేలు. గాలి ఉన్నచోట రెండూ కలిపి పెట్టాలి. వర్షాకాలంలో మబ్బు పట్టి సోలార్ మందగించినప్పుడు నైరుతి గాలి ఆదుకుంటుంది.

మా అభిప్రాయం ఒక్కటే. కొండ ఆరోగ్య కేంద్రానికి ఎండ, గాలి, బ్యాటరీ ముందు, డీజిల్ చివర. ఆ ఊరి యువకులలో ఒకరికైనా మరమ్మతు నేర్పాలి. చిన్న ఫ్యూజు పోయి మూలనపడిన మిషన్లను మా సర్వీసులో ఎన్నో చూశాము.

ఎవరైనా దాతలు కొండ మీది క్లినిక్‌కు జనరేటర్ ఇస్తామంటే సంతోషంగా తీసుకోండి. కానీ ఒక్క మాట అడగండి: "డీజిల్ అయిపోయిన రాత్రి కాన్పుకు వచ్చిన తల్లికి లైటు ఎలా వెలుగుతుంది?"